మేస్త్రీ ముక్కు

అసిరయ్య మేస్త్రీకి వాసన తెలీదు.
కరోనా ఏడాది పోయిన ముక్కు మరి తిరిగి రానేదు.
టైలు తట్టి, చప్పుడుబట్టి బోలు ఎక్కడుందో చెప్పీగలడు,
అరిచెయ్యి ఆనించి వాటం చూసీగలడు,
కంపొక్కటే కనిపెట్టనేడు.
అందుకని నన్ను పెట్టుకున్నాడు.
రోజుకూలీ ఆరొందలు. ముక్కుకి మరో యాభై.

గుజరాతీపేటలో తవిటమ్మ గారి వెనకగది.
ఆవిడ పెద్దాసుపత్రిలో నర్సు.
గచ్చు నున్నగా, ఇప్పుడే కడిగినట్టుంది.
"ఏటి వస్తందిరా?" అన్నాడు మేస్త్రీ.
మోకాళ్ళ మీద కూకుని, చెంప ఆనించి పీల్చాను.
పైన ఫినాయిలు. దాని కింద అగరొత్తి.
దాని కింద
ముక్కులోంచి కంట్లోకి ఎక్కీది ఒకటి.

"పద్నాలుగేళ్ళు బతికింది బాబూ.
ఆఖరి రెండేళ్ళూ ఎనక కాళ్ళు నేవు.
ఈడ్చుకునీది. ఎక్కడ తొంగుంటే అక్కడే.
నైటుడూటీ నుంచొచ్చి కడిగీదాన్ని."
కుక్క పేరు ఆవిడ చెప్పనేదు. మేమూ అడగనేదు.

"గచ్చంటే రాయి కాదమ్మా," అన్నాడు మేస్త్రీ,
"ఎంత పోస్తే అంతా తాగీస్తాది.
ఇప్పుడు టైలేసి మూసీమంటే మూసీగలను.
తొలకరికి నేల చెమ్మగిల్లితే
గీతల్లోంచి లేచొచ్చీదాన్ని ఆపనేను."

చీకటిపడ్డాక మళ్ళీ వెళ్ళాం.
బావమరిది బట్టలకొట్లోంచి
దొంగనోట్లు పట్టే నీలం లైటు తెచ్చాడు.
తలుపులేసి, బల్బు ఆర్పి, నొక్కాడు.

గచ్చంతా
పసుపుపచ్చ మడుగులు.
గడప దగ్గర పెద్దది.
మంచం ఉండీ చోటుకి కుడివైపు ఇంకోటి.
రెంటికీ మధ్యన
ఈడ్చుకుంటూ వెళ్ళిన దారి,
వంకరగా, ఆగి, మళ్ళీ ఆగి.
నేను సుద్దముక్కతో చుట్టూ గీస్తున్నాను.
"ఆ మూలకి కూడా ఎళ్ళీదా!" అన్నారు తవిటమ్మ గారు.
"నాకు తెలీదే. నాను డూటీకెళ్ళాక కాబోలు."
ఆ మూలన కిటికీ. వీధి కనిపించీ కిటికీ.
మేస్త్రీ లైటు ఆర్పీసాడు.
ఎందుకో వెంటనే బల్బు వెయ్యనేదు.

మర్నాటి నుంచీ పని.
ఫినాయిలు సీసా గుమ్మం అవతల పెట్టించాడు.
వేడినీళ్ళు, గట్టి బ్రష్షు, వెనిగరు,
వెనిగరు పోయీదాకా మళ్ళీ నీళ్ళు.
పశువుల మందులకొట్టు నుంచి తెచ్చిన సీసాడు మందు.
"కంపుని తినీసీ మందట్రా ఇది,
తిన్నన్నాళ్ళూ తడి కావాలట."
పోసి, ప్లాస్టిక్ పట్టా కప్పి, అంచుల మీద ఇటుకలు పెట్టాడు.
రెండు రాత్రులు.
తర్వాత రెండ్రోజులు ఫ్యాను.
నీళ్ళు చిలకరించి మళ్ళీ నా ముక్కు.
"వస్తంది."
మళ్ళీ పట్టా, మళ్ళీ ఇటుకలు.
"వస్తంది, కిటికీ కాడ."
కిటికీ కాడ ఉలితో పావంగుళం చెక్కీసాం.
పదో రోజు, మోకాళ్ళు రెండూ కాయలు కాసీసి ఉండగా,
"నేదు," అన్నాను.
అబద్ధం కాదు. నిజంగానే నేదు.

సీలరు డబ్బా మూత తియ్యబోతుంటే
ఆవిడొచ్చారు, ఆస్పత్రి చీరతోటే.
చెప్పులు విడిచి, నా పక్కనే వంగి
గచ్చుకి ముక్కు ఆనించారు.
నాకంటే ఎక్కువసేపు.
"నాకొస్తంది," అన్నారు.
మేస్త్రీ డబ్బా కింద పెట్టీసాడు.
"కాదు, మీరు ఏసీయండి.
మీకు రావట్నేదు కదా. ఏసీయండి."

రెండు పూతలు. ఆరాక టైళ్ళు,
రెండడుగులవి, గంధం రంగు.
కిటికీ మూలకి ముక్క కొయ్యాల్సొచ్చింది,
రెండు విరిగాయి. మేస్త్రీ తన ఖాతాలో రాసుకున్నాడు.

సాయంత్రం డే అండ్ నైట్ జంక్షన్లో
ఆటో కోసం నిలబడితే
ఎవరిదీ కాని కుక్కొకటి వచ్చి
నా మోకాళ్ళు వాసన చూసింది.
కాలు వెనక్కి తియ్యబోయి ఆగాను.
చాలాసేపు చూసింది.
కరవనేదు.